వెనక్కి తిరగడం కూడా నేర్పుదాం



ఈ మధ్య తొమ్మిది, పది తరగతుల పిల్లల నోట ఒక కొత్త కోరిక వినిపిస్తోంది. ఫోన్‌లో ఒక రీల్ చూస్తారు. చుట్టూ మంచు కొండలు, మధ్యలో గడ్డకట్టిన సరస్సు, అద్దంలా మెరిసే ఆ మంచు మీద ఒక్క మనిషి స్కేటింగ్ చేసుకుంటూ పోతుంటాడు. ఆ సాయంత్రమే ఇంట్లో మాట పడుతుంది: "డాడీ, ఇంటర్ అయిపోయినంక చలికాలంలో నేనొక్కడినే లద్దాఖ్ పోతా. సరస్సు మీద స్కేటింగ్ చేస్తా."

దీనికి మన ఇళ్లలో రెండే జవాబులు. ఒకటి, "ముందు చదువు సంగతి చూడు." రెండోది, "మంచి ర్యాంకు తెచ్చుకో, అప్పుడు పంపిస్తా." మొదటి జవాబుతో పిల్లవాడు ఆ కోరికను మన ముందు మళ్లీ ఎత్తడు, మనసులోంచి మాత్రం తీసేయడు. రెండో జవాబుతో ప్రయాణం ఒక బహుమతి అయిపోతుంది. బహుమతిగా వచ్చినదానికి ఎవరూ ముందుగా సిద్ధపడరు.

మూడో జవాబు ఒకటుంది. "ప్లాన్ రాసి చూపించు." ఆ ప్లాన్‌లో ఎక్కడికి పోతాడు, ఎంత ఖర్చు అవుతుంది అన్నవాటి కంటే ముఖ్యమైన వాక్యం ఒకటి ఉండాలి: "ఏం జరిగితే నేను వెనక్కి తిరుగుతాను?" ఆ వాక్యం రాయగలిగిన పిల్లలను, దానికి కట్టుబడగలిగిన పిల్లలను మనం తయారు చేస్తున్నామా అన్నదే నా ప్రశ్న. పదో తరగతి పిల్లవాడు పద్దెనిమిది నిండాక పోతానంటే మన చేతిలో దాదాపు మూడేళ్లున్నాయి. మూడేళ్లు తక్కువ సమయం కాదు.

కోరికలో తప్పు లేదు

ఇది గాలిలో మేడ కాదని ముందు ఒప్పుకుందాం. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో కాంస్య పతకాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో తెలంగాణ అమ్మాయి నయనశ్రీ తాళ్లూరి మంచు మీద షార్ట్ ట్రాక్ స్కేటింగ్‌లో బంగారు పతకం గెలిచింది. చెరువు గడ్డకట్టడం ఎన్నడూ చూడని రాష్ట్రం నుంచి పోయి గెలిచింది. పాంగాంగ్ సరస్సు మీద 2023 ఫిబ్రవరిలో 21 కిలోమీటర్ల పరుగు పందెం కూడా జరిగింది. అందులో పాల్గొన్నవాళ్లు 75 మంది. వాళ్ల కోసం దారి పొడవునా వైద్య సిబ్బంది ఉన్నారు.

అంటే గడ్డకట్టిన సరస్సు మీదికి మనుషులు పోతారు, ఆనందంగా తిరిగొస్తారు కూడా. కాకపోతే అక్కడ ఏర్పాట్లు చేసినవాళ్లు వేరే ఉంటారు, మంచు మందం కొలిచినవాళ్లు వేరే ఉంటారు. రీల్‌లో వాళ్లెవరూ కనిపించరు. ఒక్క మనిషే కనిపిస్తాడు. ఆ వీడియో తీసిన మనిషి కూడా కనిపించడు.

మంచు గురించి పిల్లలకు తెలియాల్సింది

నీటి సాంద్రత 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎక్కువగా ఉంటుందని మన పిల్లలు సైన్స్‌లో చదువుతారు. అందుకే సరస్సు పైనుంచి గడ్డకడుతుంది, కింద నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. సరస్సు మీద నిలబడినప్పుడు దాని అర్థం వేరు: పాదాల కింద ఉన్నది నేల కాదు, ఒక మూత.

ఆ మూత అంతటా ఒకే మందంలో ఉండదు. వాగు వచ్చి కలిసే చోట, నీళ్లు బయటికి పోయే చోట, అడుగున ఊటలున్న చోట పలచగా ఉంటుంది. ఒక మనిషి నడవాలంటే గట్టిగా, స్వచ్ఛంగా ఉన్న మంచు కనీసం 4 అంగుళాల మందం ఉండాలని మంచు ప్రాంతాల్లో చెప్తారు. తెల్లగా, మంచు పొడి కలిసి గడ్డకట్టినదైతే దాని బలం దాదాపు సగమే, కాబట్టి మందం రెట్టింపు కావాలి. పాంగాంగ్ నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఉప్పునీటి మంచు మంచినీటి మంచు అంత గట్టిది కాదు. చూసి చెప్పగలిగే విషయం కాదిది. తొలిచి కొలవాలి, లేదా రోజూ కొలిచే స్థానికులను అడగాలి.

మూత విరిగితే ఏమవుతుంది? మొదటి నిమిషం చలి దెబ్బకు ఊపిరి అదుపు తప్పుతుంది. అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే, తల పైన పెట్టుకుని ఊపిరిని దారికి తెచ్చుకోవడం. ఆ తర్వాత చేతులు, కాళ్లు మాట వినేది పది నిమిషాల పాటు. స్పృహ తప్పడానికి గంట దాకా పట్టవచ్చు. ఆ పది నిమిషాల్లో, వచ్చిన దారి వైపే తిరిగి పైకి రావాలి, ఎందుకంటే అంతవరకు మనల్ని మోసిన మంచు అదే. కాళ్లు ఆడిస్తూ బోర్లా పైకి పాకాలి. పైకొచ్చాక లేచి నిలబడకూడదు, దొర్లుకుంటూ దూరం పోవాలి. అనుభవమున్న స్కేటర్లు మెడలో రెండు చిన్న పిడుల మేకులు వేసుకుంటారు, జారే మంచులో గుచ్చి పట్టు దొరికించుకోవడానికి.

తెలుగువాళ్లకు ఈ సంగతి దూరపు ముచ్చట కాదు. 2022 డిసెంబర్ 26న అమెరికాలోని అరిజోనాలో, కొండల మీద ఉన్న వుడ్స్ కాన్యన్ సరస్సు దగ్గర మంచు విరిగి ముగ్గురు తెలుగువాళ్లు ప్రాణాలు కోల్పోయారు. సెలవుల్లో కుటుంబాలతో, స్నేహితులతో కలిసి వెళ్లినవాళ్లు. చదువుకున్నవాళ్లు, బాధ్యత తెలిసినవాళ్లు. పక్కన మనుషులున్నా ఆ ప్రమాదం జరిగింది. ఎవరూ లేని చోట ఒక్కడే ఉంటే ఏమిటన్నది పిల్లవాడితో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. భయపెట్టడానికి కాదు, ప్లాన్‌లో ఒక నియమం రాయించడానికి: ప్రయాణం ఒంటరిగా చేయవచ్చు, మంచు మీద మాత్రం ఒంటరిగా అడుగు పెట్టకూడదు.

ప్లాన్ అంటే ఏమిటి?

సోమశిల దగ్గర కృష్ణ నిండుగా ఉన్నప్పుడు, అంటే శ్రీశైలం జలాశయం పూర్తి మట్టానికి చేరినప్పుడు, నీళ్లు సముద్రమట్టానికి 885 అడుగుల ఎత్తులో ఉంటాయి. లేహ్ పట్టణం దాదాపు 11,500 అడుగులు. పాంగాంగ్ దాదాపు 14,000 అడుగులు. మన ఎత్తులో పెరిగిన ఊపిరితిత్తులు విమానంలో ఒక్క పూటలో లేహ్‌లో దిగుతాయి. కాబట్టి ప్లాన్‌లో మొదటి రెండు రోజులు ఏమీ చేయకుండా లేహ్‌లోనే ఉండాలి. "రెండు రోజులు వేస్ట్" అని పిల్లవాడు అంటే, అతనికి ప్లాన్ ఇంకా అర్థం కాలేదని గుర్తు. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలైతే ఇంకా పైకి పోకూడదు. తగ్గకపోతే కిందికి దిగాలి. ఇది ధైర్యానికి సంబంధించినది కాదు. బాగా బలంగా ఉన్నవాళ్లకూ వస్తుంది.

చలికాలంలో మనాలీ నుంచి లేహ్ పోయే రోడ్డు మూతపడుతుంది. ఎక్కువగా విమానమే దారి, వాతావరణం బాగాలేకపోతే అదీ ఆగిపోతుంది. కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందు కనీసం రెండు రోజులు ఖాళీ ఉండాలి, ఆ రోజుల ఖర్చుకు డబ్బు విడిగా ఉండాలి. మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. అది కూడా లేహ్ దాటాక చాలా చోట్ల అందదు. అంటే "రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తా" అన్నది ప్లాన్ కాదు. "ఫలానా రోజు సాయంత్రం లోపు నా నుంచి మాట రాకపోతే, మీరు ఈ హోమ్‌స్టే నంబర్‌కు, ఆ తర్వాత లేహ్ పోలీసులకు ఫోన్ చేయండి" అన్నది ప్లాన్. సరిహద్దు ప్రాంతాలకు అనుమతులు, ఇన్సూరెన్స్, డాక్టర్ సర్టిఫికెట్, తోడుగా వచ్చే స్థానిక గైడ్ — ఒక్కోదానికి ఒక్కో లైను.

ఈ లైన్లు మీరు రాయకండి, ట్రావెల్స్ వాళ్లతో రాయించకండి. పిల్లవాడే కనుక్కోవాలి, ఫోన్లు చేయాలి, ఎవరో ఒకరు విసుక్కుంటే మళ్లీ అడగాలి. మన పిల్లల రోజును ఉదయం బస్సు నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా మనమే గీసి ఇస్తున్నాం. బడి టైమ్‌టేబుల్ ఇస్తుంది, ఇంట్లో ట్యూషన్ టైమ్ ఇస్తుంది. పదహారేళ్లు వచ్చినా తన రోజు తానే వేసుకోని పిల్లవాడు, పద్దెనిమిదో ఏట పది రోజుల ప్రయాణం వేసుకోగలడని అనుకోవడం మన పొరపాటే అవుతుంది.

ర్యాంకు చదువు నేర్పనిది

మనం పిల్లలకు ముందుకు పోవడం బాగా నేర్పుతున్నాం. ఆగకు, వదలకు, పక్కవాడికంటే వెనకబడకు. ఈ మాటల వల్ల మన పిల్లలు మంచి సీట్లు తెచ్చుకున్నారు, కాదనను. కానీ కొండ మీద, నీటి మీద ఇదే మాట ప్రాణం తీస్తుంది. ఇంత దూరం వచ్చాం, ఇంత ఖర్చు పెట్టాం, ఇప్పుడు తిరిగి పోతే అందరూ ఏమంటారు అన్న ఆలోచన, పలచటి మంచు మీద ఇంకో నాలుగు అడుగులు వేయిస్తుంది. వెనక్కి తిరగడం అంటే ఫెయిల్ కావడమే అని నమ్మిన పిల్లవాడు ఆ నాలుగు అడుగులు తప్పక వేస్తాడు.

మాలావత్ పూర్ణ కథ మనందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, 2014 మే 25న, పద్నాలుగేళ్లు ఇంకా నిండకుండానే, సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. మన ఇళ్లలో ఆమె పేరు ధైర్యానికి ఉదాహరణగా చెప్తాం. అయితే ఆ ధైర్యం వెనక ఉన్న వరుస చూడండి. ముందు భువనగిరి కొండ, తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, ఆ తర్వాత చలికాలపు లద్దాఖ్. ఒక్కో మెట్టు దగ్గర కొందరు ఆగిపోయారు, చివరికి ఎవరెస్ట్‌కు ఇద్దరే వెళ్లారు. ఆగిపోయిన పిల్లలు ఓడిపోయినవాళ్లు కాదు. ఆ వడపోతే పైకి పోయిన ఇద్దరినీ కాపాడింది.

నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబును కూడా తలుచుకోవాలి. కోరుకొండ సైనిక్ స్కూల్లో, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో, ఐఐఎం కలకత్తాలో చదివినవాడు. మనం కోరుకునే ర్యాంకులన్నీ తెచ్చుకున్నవాడు. 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ, వాతావరణం పాడైన సమయంలో కనిపించకుండా పోయాడు. ఏప్రిల్‌లో ఆయన మృతదేహం దొరికింది. ఆయన చేసిన దాంట్లో లోపం వెతికే అర్హత మనలో ఎవరికీ లేదు. మనం నేర్చుకోవాల్సింది వేరే. అంతటి అనుభవజ్ఞుడికి కూడా ఒంటరితనం ఒక అదనపు బరువే. అనుభవం లేని పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఆ బరువు ఎంతో లెక్క వేసుకోవాలి.

నిజానికి వెనక్కి తిరగడం మన బళ్లలో ఒక్కచోట నేర్పుతూనే ఉన్నాం. జేఈఈ రాసే పిల్లవాడికి ఏం చెప్తాం? "తెలియని ప్రశ్న ముట్టుకోకు, వదిలేసి ముందుకు పో, తప్పు పెడితే ఉన్న మార్కు పోతుంది." వదిలేయడం కూడా తెలివే అని నెగెటివ్ మార్కుల దగ్గర చెప్పగలిగినవాళ్లం, మిగతా బతుకులోనూ చెప్పవచ్చు. మంచు మీద నెగెటివ్ మార్కు ఇంకా పెద్దది, రెండో అటెంప్ట్ ఉండదు.

సోమశిలలో మొదలుపెడదాం

లద్దాఖ్‌కు ముందు మనకు దగ్గర్లోనే నీళ్లున్నాయి. కొల్లాపూర్ దాటితే సోమశిల. ఆదివారం వస్తే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ నుంచి కార్లు అటే పోతాయి. అవతల ఒడ్డున సంగమేశ్వరం ఉంది. జలాశయం నిండితే ఆ గుడి మునిగిపోతుంది, ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటపడుతుంది. ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలోనూ లేదు: నిన్న నడిచిన చోటు ఇవాళ నీళ్ల కింద ఉండవచ్చు. పైన జూరాలలో గేట్లు ఎత్తితే, అటు తుంగభద్ర పొంగితే, ఇక్కడ మబ్బు లేకపోయినా మట్టం పెరుగుతుంది. 2009 అక్టోబర్ వరదలో అలంపూర్ ప్రాంతం ఏమైందో పెద్దవాళ్లకు గుర్తుంది.

ఈ నీళ్లలో మనం మనుషులను పోగొట్టుకున్నాం. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. హెచ్చరిక సరిగా ఇవ్వనివాళ్ల బాధ్యత వాళ్లకుంది. కానీ డ్యామ్ కింద ఉన్న నది ఎండిన రాళ్లు చూపిస్తున్నా అది ఎండిన నది కాదని, జలాశయాల మధ్య పెరిగిన మన పిల్లలకు మనమే చెప్పాలి.

అందుకే నా సూచన ఇది. ఏడు, ఎనిమిది తరగతుల్లో ఈత నేర్పించండి. సోమశిల ప్రయాణం ఒకటి పిల్లల చేత ప్లాన్ చేయించండి: ఏ బస్సు, ఎన్నింటికి, బోట్‌లో లైఫ్ జాకెట్ ఉందా, గాలి లేస్తే ఏం చేయాలి, తిరిగొచ్చే ఆఖరి బస్సు ఎప్పుడు. పుట్టి వేసే మత్స్యకారుడితో పిల్లవాడినే మాట్లాడనివ్వండి. "ఏ రోజు మీరు నీళ్లలోకి దిగరు?" అని అడగమనండి. రోజూ నదిలోకి పోయే మనిషి దగ్గర ఆ ప్రశ్నకు జవాబు తప్పక ఉంటుంది. అతని అనుభవంలో సగం ఆ జవాబే.

తొమ్మిది, పదిలో చుట్టాల ఊరికి ఒక్కడినే బస్సులో పంపండి. దారిలో ప్రతి స్టాపులో ఫోన్ చేయకండి. స్కేటింగ్ మీద ఇష్టం నిజమైతే ముందు రోలర్ స్కేట్స్ మీద రెండేళ్లు కష్టపడనివ్వండి. ఇంటర్ తర్వాత సిమ్లాలో వందేళ్లు దాటిన ఐస్ రింక్ ఉంది, శిక్షకుల మధ్య మంచు మీద పడటం, లేవడం అక్కడ నేర్చుకోవచ్చు. మనాలీ, ఉత్తరకాశీ, డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థల్లో బేసిక్ కోర్సులున్నాయి. ఇవన్నీ అయ్యాక లద్దాఖ్. అప్పటికీ పోవాలనిపిస్తే అది రీల్ చూసి పుట్టిన కోరిక కాదు.

అమ్మాయిల తల్లిదండ్రులతో ఒక మాట

"ఇదంతా మగపిల్లలకు సరే" అని కొందరు అనుకుంటారు. మంచుకు అబ్బాయి, అమ్మాయి తేడా తెలియదు. ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ, లేహ్‌లో పతకం గెలిచిన నయనశ్రీ అమ్మాయిలే. దారిలో, బసలో అమ్మాయిలకు అదనపు జాగ్రత్తలు కావాలి, నిజమే. అవి ప్లాన్‌లో మరో నాలుగు లైన్లు. ఆ లైన్లు రాయడం నేర్పకుండా ఇంట్లో ఉంచితే, ఉద్యోగానికని బెంగళూరో డల్లాసో పోయిన రోజున ఆమె ఒక్కతే కొత్త ఊళ్లో దిగుతుంది. అప్పుడు నేర్పడానికి మనం పక్కన ఉండం.

బడికీ ఒక పని ఉంది. మన ఎక్స్‌కర్షన్‌లకు బస్సు, భోజనం, టైమింగ్ అన్నీ టీచర్లే చూస్తాం. తర్వాతి ట్రిప్‌కు తొమ్మిదో తరగతి పిల్లల కమిటీ ప్లాన్ రాస్తే, టీచర్లు దాన్ని పరీక్ష పేపర్‌లా దిద్దితే బాగుంటుంది. "వర్షం వస్తే ట్రిప్ రద్దు" అని రాసిన పిల్లలకు మార్కులు తగ్గించకూడదు, కలపాలి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ఈ విషయం మీరూ అడగండి.

ఈ నెల ఇంట్లో ఒక చిన్న పని చేయండి. మీ పిల్లలకు ఎక్కడికి పోవాలని ఉందో అడగండి. లద్దాఖ్ కావచ్చు, సోమశిల కావచ్చు. ఒక కాగితం ఇచ్చి ప్లాన్ రాయమనండి. రాసిచ్చాక డబ్బు లెక్క తర్వాత చూడండి. "నేను వెనక్కి తిరిగే పరిస్థితి" అన్న లైను ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే కోప్పడకండి, కాగితం తిరిగి ఇచ్చి రాయమనండి. ఉంటే, అది చదివి, "నువ్వు అలా తిరిగొస్తే ఈ ఇంట్లో ఎవరూ నిన్ను ఒక్క మాట అనరు" అని చెప్పండి. ఆ మాట మీద నమ్మకం ఉన్న పిల్లవాడినే దూరం పంపవచ్చు.